జానెడు ఇంజనుకు కామారెడ్డిలో హాల్టు

పొగబండి పోయినా తీరని ముచ్చట * రైలు రాని ఎల్లారెడ్డిలో చెక్క ఇంజను

(కామారెడ్డి విలేఖరి)

సాయంత్రం ఆరు గంటలు. కామారెడ్డి స్టేషను వెనుక సందులో ఒక పెంకుటిల్లు. అరుగు మీద ఒక ముసలామె చాటలో బియ్యం పోసుకొని రాళ్ళు ఏరుతున్నది. ఇంటి లోపలి నుంచి సన్నగా ఛుక్ ఛుక్ మని చప్పుడు వచ్చింది. ఆ వెనుకే చిన్న కూత.

'ఏం బండి అమ్మా అది?' అని అడిగితే ఆమె తల ఎత్తకుండానే జవాబిచ్చింది. 'టేషన్ల బండి గాదు బిడ్డా. మా ముసలాయన బండి. రోజు గీ యాళ్ళకే వస్తది. లేటు అన్న ముచ్చటే లేదు.'

లోపలి గదిలో రెండు బల్లలు కలిపి వేసి, వాటి మీద గుండ్రంగా పట్టాలు పరిచి వున్నాయి. పట్టాల మధ్య వెడల్పు రెండు వేళ్ళంత కూడా లేదు. వాటి మీద జానెడు పొడవున్న నల్ల ఇంజను మూడు పెట్టెలను లాగుతూ తిరుగుతున్నది. గోడ అల్మారాలో అటువంటివే మరికొన్ని. ఆకుపచ్చవి, నీలివి, ఎర్రవి. లెక్కిస్తే మొత్తం 23. వీటిలో నాలుగు నడవవు. మిగిలినవన్నీ నడుస్తాయి.

ఈ ఇంజనుల యజమాని వయసు 76 ఏళ్ళు. 1969లో మహారాష్ట్రలోని పూర్ణా లోకోషెడ్డులో ఇంజనులు తుడిచే పనిలో చేరారు. తర్వాత ఫైర్‌మన్ అయ్యారు. బొగ్గు ఇంజనులు పోయాక డీజిలు ఇంజనులలో సహాయకునిగా పనిచేసి రిటైరయ్యారు. పేపరులో పేరు రాయవద్దని కోరారు. 'పేరు రాస్తె చుట్టాలందరు వచ్చి ఒక్కొక్కటి ఎంతకు అమ్ముతవని అడుగుతరు. నాకు గది కాదు కావలసింది' అన్నారు. కనుక ఈ వ్యాసంలో ఆయనను పెద్దాయన అనే రాస్తున్నాము.

మన లైను కథ

కామారెడ్డి మీదుగా పోయే రైలు మార్గం నిజాం కాలం నాటిది. 1900 ప్రాంతంలో హైదరాబాద్-గోదావరి వ్యాలీ రైల్వే పేరుతో మన్మాడు దాకా మీటరుగేజి పట్టాలు వేశారు. అంటే రెండు పట్టాల నడుమ సరిగ్గా ఒక మీటరు ఎడం. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడిన తర్వాత ఈ లైను దాని కిందికి వచ్చింది. కాచిగూడ నుంచి మన్మాడుకు నడిచిన అజంతా ఎక్స్‌ప్రెస్‌కు ఒక గొప్ప వుండేది. 1967లో మీటరుగేజి మీద ఆవిరి ఇంజనుతో నడిచే బండ్లలో దేశంలో అన్నిటికన్న వేగమైనది అదే. దాని సగటు వేగం గంటకు 42.5 కిలోమీటర్లు. ఈనాటి కుర్రవాళ్ళు నవ్వవచ్చు. కాని ఎడ్లబండి మీద సంతకు పోయే రోజులలో అది గాలివేగమే.

ఆ బండ్లను లాగిన ఇంజనులలో పేరున్నది వై.పి. రకం. 1949, 1970 మధ్య 871 ఇంజనులు తయారయ్యాయి. మొదటివి విదేశాలలో చేసినవి. తర్వాత జంషెడ్‌పూర్‌లో టెల్కో కంపెనీ చేసింది. సామాన్ల బండ్లకు వై.జి. రకం వుండేది. మన దేశంలో ఆవిరి ఇంజనుల తయారీ 1972లో నిలిచిపోయింది. బ్రాడ్‌గేజి మీద ఆవిరి ఇంజనుతో మామూలుగా నడిచిన చివరి బండి 1995 డిసెంబరు 6న జలంధర్, ఫిరోజ్‌పూర్ మధ్య నడిచింది. మన లైను కూడా కాలక్రమంలో బ్రాడ్‌గేజిగా మారింది. మీటరుగేజి పట్టాలు పీకేశారు. ఈ విలేఖరి బడికి పోయే ఈడు వచ్చేసరికి కామారెడ్డిలో పొగ లేదు, కూత మారిపోయింది.

'పట్టాలు పీకేటప్పుడు పోయి నిలబడి చూసిన. పీకిన పట్టా పక్కన ఏసినంక గది వట్టి ఇనుమే బిడ్డా' అన్నారు పెద్దాయన. ఆ నెలలోనే ఆయన హైదరాబాదు పోయినప్పుడు జుమ్మెరాత్ బజారులో పాత సామాన్ల నడుమ ఒక రేకు ఇంజను కనిపించింది. తాళం చెవి తిప్పితే నడిచే బొమ్మ. స్ప్రింగు తెగిపోయి వుంది. అడిగిన ధర 40 రూపాయలు ఇచ్చి జేబులో వేసుకొని వచ్చారు. ఆయన కొన్న మొదటి ఇంజను అదే. నేటికీ నడవదు. అల్మారాలో పై అరలో మాత్రం దానిదే చోటు.

డబ్బా విప్పితే బండి

ఈ బొమ్మ ఇంజనులలో రెండు రకాలున్నాయి. ఒకటి ముక్కలుగా వచ్చేది. కొన్నవారే కూర్చుకొని, అతికించి, రంగు వేసుకోవాలి. రెండవది పూర్తిగా తయారై వచ్చేది. డబ్బా విప్పి పట్టా మీద పెట్టి కరెంటు ఇస్తే చాలు, నడుస్తుంది. పెద్దాయన దగ్గర వున్నవన్నీ ఈ రెండవ రకమే. 'చిన్న మరలు బిగించే చూపు నాకు లేదు. బొగ్గు మంట దిక్కు చూసి చూసి కండ్లు గట్లనే అయినయి' అని ఆయన చెప్పారు.

వీటిని ఇష్టం వచ్చిన కొలతలో చేయరు. అసలు ఇంజనులో ఎన్నో వంతు వుండాలో లెక్క వుంటుంది. లోకంలో ఎక్కువగా నడిచే లెక్క 87వ వంతు. దీనిని హెచ్.ఓ. అంటారు. ఐరోపాలో పట్టాల మధ్య ఎడం 1,435 మిల్లీమీటర్లు. దానిని 87తో భాగిస్తే పదహారున్నర మిల్లీమీటర్లు వస్తుంది. బొమ్మ పట్టాల ఎడం కూడా అంతే. మన బ్రాడ్‌గేజి 1,676 మిల్లీమీటర్లు. ఆ లెక్కన బొమ్మ పట్టా 19 మిల్లీమీటర్లు దాటాలి. మన బ్రాడ్‌గేజి ఇంజను నమూనాను పదహారున్నర పట్టా మీద నిలబెడితే కాళ్ళు దగ్గరికి పెట్టుకొని నిలబడ్డట్టు వుంటుంది. తెలిసినవారు ఈ తేడాను చూడగానే పట్టేస్తారు.

వై.పి. ఇంజను టెండరుతో కలిపి దాదాపు 19 మీటర్ల పొడవు. 87వ వంతు చేస్తే 22 సెంటీమీటర్లు, అంటే ఒక జానెడు. పెద్దచక్రం వ్యాసం 1,372 మిల్లీమీటర్లు. బొమ్మలో అది 16 మిల్లీమీటర్లకు దిగుతుంది. మన ఒక్క రూపాయి బిళ్ళకన్న చిన్నది.

ధర మాత్రం చిన్నది కాదు. మంచి కంపెనీ చేసిన కొత్త ఆవిరి ఇంజను నమూనా విదేశాలలో మన డబ్బులో వేల రూపాయలు వుంటుంది. పోస్టులో తెప్పిస్తే సుంకం అదనం. మరి పింఛను మీద బతికే మనిషి ఇన్ని ఎట్లా కూడబెట్టారు?

జవాబు మన ఊళ్ళందరికీ తెలిసినదే. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతంలో గల్ఫుకు పోయిన మనిషి లేని వాడ తక్కువ. దుబాయి, మస్కట్, బహ్రేన్‌ల నుంచి సెలవు మీద వచ్చేవారు సెంటు సీసాలు, దుప్పట్లు, టార్చిలైట్లు తెస్తారు. పెద్దాయన వాడకట్టు పిల్లలు ఆయన కోసం ఇంజను తెచ్చేవారు. అక్కడి పాత సామాన్ల అంగళ్ళలో, దొరల పిల్లలు ఆడి వదిలేసిన ఇంజనులు తక్కువకు దొరికేవి. 'వాండ్లు కూలికి పోయిన పిల్లగాండ్లు బిడ్డా. ఒకడు తన మెస్సు పైసల్ల మిగిలిచ్చి తెచ్చిండు. పైసలు ఇస్తె తీసుకోలే. చిన్నప్పుడు నన్ను ఇంజను ఎక్కిచ్చినవ్ గద తాతా అన్నడు' అని చెబుతూ ఆయన కాసేపు ఆగిపోయారు.

కడ్డీ తిప్పేది, చక్రం తిప్పేది

బొమ్మను చూడడం కూడా నేర్చుకోవాలని పెద్దాయన అంటారు. ఊరికే రంగు చూసి మురిసేది కాదట. ఒక ఇంజను చేతికిచ్చి ఆయన పాఠం మొదలుపెట్టారు.

అసలు ఇంజనులో వెనుక మంటగది వుంటుంది. అక్కడ బొగ్గు మండిస్తే వేడిగాలి బాయిలరులోని గొట్టాల గుండా ముందుకు పోతుంది. గొట్టాల చుట్టూ వున్న నీరు మరిగి ఆవిరవుతుంది. ఆ ఆవిరి ముందున్న సిలిండర్లలోకి పోయి ముషలకాన్ని ఒకసారి ఇటు, ఒకసారి అటు తోస్తుంది. ముషలకానికి తగిలించిన కడ్డీ పెద్దచక్రాన్ని తిప్పుతుంది. పని అయిపోయిన ఆవిరి పొగగొట్టంలో నుంచి ఒక్కసారిగా బయటపడుతుంది. మనం విన్న ఛుక్ అదే. అది పోతూ పోతూ మంటగదిలోకి గాలిని కూడా లాగుతుంది. బండి ఎంత గట్టిగా లాగితే మంట అంత బాగా మండుతుందన్న మాట.

రెండు సిలిండర్ల ఇంజనుకు చక్రం ఒక చుట్టు తిరిగేసరికి నాలుగు ఛుక్‌లు. వై.పి. చక్రం ఒక చుట్టుకు 4 మీటర్ల 31 సెంటీమీటర్లు పోతుంది. అంటే కిలోమీటరుకు 232 చుట్లు, 928 ఛుక్‌లు. ఈ లెక్క విని పెద్దాయన నవ్వారు. 'మేం లెక్క పెట్టలే. చెవుల్తోటే విన్నం. నాలుగిట్ల ఒకటి కుంటితే, ఎక్కడనో ఆవిరి కారుతున్నదని ఎరుకయ్యేది.'

బొమ్మలో ఆవిరి వుండదు. లోపల చిన్న మోటారు, 12 వోల్టుల కరెంటు. పట్టాల నుంచి చక్రాల ద్వారా మోటారుకు కరెంటు అందుతుంది. ఇక్కడ ఒక తమాషా వుంది. అసలు ఇంజనులో కడ్డీ చక్రాన్ని తిప్పుతుంది. బొమ్మలో చక్రం కడ్డీని తిప్పుతుంది. కడ్డీ పని చేస్తున్నట్టు కనిపిస్తుంది గాని దానికి ఏ బరువూ లేదు. మంచి నమూనా ఏదంటే, ఈ సంగతి మనకు తెలిసి కూడా కడ్డీయే తోస్తున్నదనిపించేది. నెమ్మదిగా, తాబేలు నడకన పోనిచ్చి చూడాలి. ఎగిరెగిరి పోతే అది ఆటవస్తువు. బరువు మోస్తున్నట్టు కదిలితే అది ఇంజను.

కొత్త నమూనాలలో ఛుక్ చప్పుడు చేసే చిన్న పరికరం లోపలే అమర్చి వస్తున్నది. కొన్నిటిలో పొగగొట్టంలో ఒక ప్రత్యేకమైన నూనె చుక్క వేస్తే వేడెక్కి తెల్లని పొగ వస్తుంది. స్పిరిటు దీపంతో నీరు మరిగించి నిజంగానే ఆవిరితో నడిచే బుల్లి ఇంజనులు కూడా లోకంలో వున్నాయి. ఇంగ్లండులో మామోడ్ అనే కంపెనీ 1937 నుంచి ఆవిరి బొమ్మలకు పేరు పొందింది. అవి పిల్లల చేతికి ఒంటరిగా ఇవ్వదగినవి కావు. చేతులు కాలుతాయి.

రాజుల సరదా నుంచి వాడకట్టుకు

బొమ్మరైలు కొత్త సంగతి కాదు. జర్మనీలో మార్క్‌లిన్ కంపెనీ 1859లో మొదలయింది. 1891లో లైప్‌జిగ్ సంతలో వరుస కొలతల పట్టాలతో బొమ్మరైళ్ళు చూపించింది. అప్పటి నుంచి ఒక బొమ్మకు ఇంకొక పెట్టె కలిపి పెంచుకుంటూ పోయే పద్ధతి వచ్చింది. ఇంగ్లండులో ఫ్రాంక్ హార్న్‌బీ 1920లో తాళం చెవి రైళ్ళు మొదలుపెట్టారు. ఆయన కంపెనీ 1938లో కరెంటుతో నడిచే చిన్న కొలత రైళ్ళు తెచ్చింది.

మన దేశంలో ఇది మొదట రాజుల సరదా. గ్వాలియరు మహారాజు భోజనాల బల్ల మీద వెండి రైలు తిరిగేది. అతిథుల ముందుకు సారాయి, చుట్టలు తెచ్చిపెట్టడం దాని పని. పెట్టెల మీద సింధియా పేరులోని ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటిగా వున్నాయి. దానిని జయవిలాస్ భవనంలో నేటికీ చూడవచ్చు. హైదరాబాదులో మూడవ సాలార్‌జంగ్ సేకరించిన వస్తువులతో 1951 డిసెంబరు 16న మ్యూజియం తెరిచారు. అందులో పిల్లల విభాగంలో ఆనాటి బొమ్మలు వున్నాయి. బడి పిల్లలను హైదరాబాదు విహారయాత్రకు తీసుకుపోయే ఉపాధ్యాయులు ఆ గదిని వదిలి రాకూడదు.

పుణెలో జోషీ అనే ఆయన తన జీవితమంతా కూడబెట్టిన చిన్న రైళ్ళతో 1998 ఏప్రిల్ 1న ఒక మ్యూజియమే పెట్టారు. బల్ల మీద ఊరంతా కట్టి, రాత్రి పగలు చూపించి, సిగ్నళ్ళతో బండ్లు నడుపుతారు. ఒక మనిషి సరదా పదిమందికి పాఠమైందనడానికి అది మంచి ఉదాహరణ. అసలు ఇంజనులు చూడాలంటే ఢిల్లీలో 1977లో తెరిచిన జాతీయ రైలు మ్యూజియం వుంది. 1855 నాటి ఫెయిరీ క్వీన్ ఇంజనుకు మన దేశమే ఇల్లు.

పెద్దాయన అల్మారాలో ఇంగ్లండువారి ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ వుంది. అసలు ఇంజను 1923లో పుట్టింది. నీలిరంగు మల్లార్డ్ వుంది. దాని అసలుది 1938 జూలై 3న గంటకు 126 మైళ్ళు, అంటే 200 కిలోమీటర్లకు పైగా పరుగెత్తి ఆవిరి ఇంజనులలో రికార్డు పెట్టింది. జర్మనీ నల్ల ఇంజనులు వున్నాయి. అమెరికావి రెండు. అన్ని దేశాలవీ వున్నాయి గాని ఆయన 20 ఏళ్ళకు పైగా బొగ్గు వేసిన వై.పి. మాత్రం ఒక్కటి లేదు. 'దుబాయి పిల్లలకు బొమ్మ గీసి ఇచ్చిన. గిసొంటిది దొరకలే తాతా అన్నరు. దొరల ఇంజన్లన్ని నా ఇంట్ల ఉన్నయి, నా ఇంజనే లేదు' అన్నారు.

ఎల్లారెడ్డిలో తయారైన వై.పి.

ఇక్కడ కథ ఎల్లారెడ్డికి మలుపు తిరుగుతుంది. 2016లో కామారెడ్డి జిల్లా ఏర్పడింది. ఎల్లారెడ్డి రెవెన్యూ డివిజను కేంద్రం. నిజాంసాగరు పక్కనే వుంది. కాని రైలు లేదు. 2022లో మెదక్‌కు అక్కన్నపేట నుంచి రైలు వచ్చింది. ఎల్లారెడ్డి మనిషి రైలెక్కాలంటే మాత్రం లింగంపేట మీదుగా బస్సులో కామారెడ్డికి రావలసిందే.

అక్కడ ఒక వడ్రంగి వున్నారు. వయసు 70 దాటింది. నాగళ్ళు, తలుపులు, మంచాలు చేసిన చేయి. ఇప్పుడు నాగళ్ళు అడిగేవారు లేరు. తలుపులు అంగట్లో తయారుగా దొరుకుతున్నాయి. పెద్దాయన మనుమరాలి పెళ్ళికి మంచం చేయించడానికి పోయి, మాటల్లో ఇంజను ముచ్చట తీశారు. 'చేద్దాం డ్రైవర్ సాబ్' అన్నారు వడ్రంగి. ఫైర్‌మన్ అయినా, డ్రైవరయినా ఊళ్ళో అందరికీ డ్రైవర్ సాబే.

ఇద్దరి నడుమ మొదటి తగాదా ముక్కు దగ్గర వచ్చింది. వడ్రంగి మనుమడు సెల్‌ఫోనులో ఆవిరి ఇంజను ఫొటో చూపించాడు. ముందు భాగం తుపాకి గుండులా కోసుగా, మధ్యలో నక్షత్రంతో వుంది. వడ్రంగి అదే చెక్కి పెట్టారు. పెద్దాయన చూసి, 'గిది పెద్ద లైను ఇంజను. డబ్ల్యు.పి. మనది కాదు. మన ఇంజను ముఖం చదునుగ, గుండ్రంగ గంగాళం మూత లెక్క ఉంటది' అన్నారు. చెక్కిన ముక్కు పక్కన పెట్టారు. ఇప్పుడది ఆ ఇంట్లో పసిపిల్ల ఆటవస్తువు.

రెండవ తగాదా ఎత్తు గురించి. వడ్రంగి చిన్నప్పుడు ఒక్కసారి తండ్రితో కామారెడ్డికి ఎడ్లబండి మీద వచ్చి ఇంజనును చూశారట. ఆయన కన్నులకు అది తాటిచెట్టంత. ఆ ఎత్తే చెక్కలో పెట్టారు. పెద్దాయన తన ఒంటితో కొలత చెప్పారు. 'మంటగది తలుపు గిక్కడికి, గాజు కుండ గిక్కడికి, కిటికీల మోచేయి పెడితే భుజం గిక్కడికి' అని నిలబడి చూపించారు. వడ్రంగి తాడుతో కొలిచి, 20వ వంతుకు దించారు. మొత్తం పొడవు గజం మీద రెండంగుళాలు వచ్చింది. పెద్దచక్రం రెండు ముప్పావు అంగుళాలు.

చట్రానికి టేకు తునకలు వాడారు. బాయిలరుకు నిర్మల్ బొమ్మలకు వాడే పొనికి కర్ర తెప్పించారు. తేలికగా వుంటుంది, ఉలి మాట వింటుంది. కడ్డీలు సైకిలు పుల్లలు. చేతిపట్టీలు గొడుగు చువ్వలు. ముందు దీపం టార్చిలైటు బల్బు. చక్రం తిప్పితే కడ్డీ ఆడుతుంది. కడ్డీ తోస్తే చక్రం కూడా తిరుగుతుంది. ఈ రెండవది చూసి పెద్దాయన చాలాసేపు కడ్డీని వేలితో తోస్తూ కూర్చున్నారట. అంగట్లో కొన్న 23 ఇంజనులు చేయలేని పని అది.

పని అయిపోయాక నెంబరు రాయమని రంగు డబ్బా ఇచ్చారు వడ్రంగి. పెద్దాయన రాయలేదు. ఎక్కిన ఇంజనులు ఎన్నో. ఒక్కదాని నెంబరు రాస్తే మిగిలిన వాటికి అన్యాయం చేసినట్టనిపించిందట. పలక నేటికీ ఖాళీగానే వుంది.

కొనేవారికి నాలుగు మాటలు

ఇప్పుడు సెల్‌ఫోనులోనే పాత ఇంజనులు అమ్మకానికి వస్తున్నాయి. సరదా వున్న యువకులు పెద్దాయన అనుభవం నుంచి ఈ సంగతులు గమనించవచ్చు.

ఒకటి, నడుస్తున్న వీడియో చూడనిదే కొనరాదు. ముందుకూ వెనుకకూ నడవాలి. ముక్కు తెలియనివారికి ముందుగా డబ్బు పంపరాదు.

రెండు, 70, 80 ఏళ్ళ నాటి లోహపు ఇంజనులను భూతద్దంతో చూడాలి. కలగలుపు లోహం సరిగా లేని వాటిలో సన్నని పగుళ్ళు వస్తాయి. తర్వాత బిస్కెట్టులా పొడి అవుతుంది. దానికి మందు లేదు.

మూడు, పాత ఇంజనుకు కొత్త రంగు వేయరాదు. గీతలు పడిన అసలు రంగుకే విలువ. డబ్బా వుంటే పారవేయరాదు.

నాలుగు, నూనె ఎక్కువ వేయరాదు. సూది మొనతో ఒక్క చుక్క చాలు. పట్టాలను, చక్రాలను స్పిరిటులో తడిపిన మెత్తని గుడ్డతో తుడవాలి. గరుకు కాగితంతో గీకితే గీతల్లో మురికి చేరి కరెంటు అందదు.

అయిదు, మన ఎండాకాలం ప్లాస్టిక్కుకు శత్రువు. రేకుల కప్పు కింద, కిటికీ ఎండలో పెట్టరాదు. వానకాలంలో తేమ పట్టకుండా చూడాలి. నెలకొకసారైనా నడపాలి. నడపకపోతే నూనె జిగురుకట్టి మోటారు బిగుసుకుంటుంది.

సంక్రాంతి గడువు

ఈ చివరి నియమమే ఇప్పుడు పెద్దాయనకు దిగులు. ఒక కంటికి ఆపరేషను అయింది. చేయి వణుకుతున్నది. ఇంజనును పట్టా మీద పెట్టాలంటే అన్ని చక్రాలూ ఒక్కసారి సరిగా కూర్చోవాలి. ఒకప్పుడు కండ్లు మూసుకొని చేసిన ఆ పనికి ఇప్పుడు పావుగంట పడుతున్నది. పెద్దకొడుకు హైదరాబాదులో రెండు గదుల ఇంట్లో వుంటున్నాడు. చిన్నవాడు మస్కట్‌లో. సంక్రాంతి తర్వాత తల్లిదండ్రులను హైదరాబాదు తీసుకుపోవాలని కొడుకుల నిర్ణయం. అక్కడ ఈ బల్లలకు చోటు లేదు.

పట్నం నుంచి ఒక వ్యాపారి ఫోను చేశాడు. 23 ఇంజనులకు కలిపి 70 వేలు ఇస్తానన్నాడు. కొడుకులకు ఇష్టమే. వారిని తప్పుపట్టడానికి లేదు. కంటి ఆపరేషనుకు అప్పు చేసింది వారే. పెద్దాయన మూడు రోజుల గడువు అడిగారు.

అడ్డుపడింది ఎవరో కాదు. అరుగు మీద బియ్యం ఏరుతున్న ఆ ముసలామె. ఇన్నేళ్ళూ ఈ బొమ్మలను తిట్టింది ఆమే. 'ఒంటి మీద గురిగింజంత బంగారం ఎయ్యలే గని ఇనుము మాత్రం కొన్నడు' అని వాడకట్టంతా చెప్పుకున్నది ఆమే. మరి ఇప్పుడెందుకు వద్దంటున్నారని అడిగితే చాట పక్కన పెట్టి చెప్పింది:

'నలభై ఏండ్లు డ్యూటీ డ్యూటీ అని పోయిండు. అర్ధరాత్రి పిలుపొస్తె అన్నం ముందట ఇడిసిపెట్టి పోయిండు. పండుగకు లేడు, పిల్లలు పుడితె లేడు. ఎప్పుడొస్తడో అని కూత ఇనుకుంట కూసున్న. గీ బొమ్మలు వచ్చినంక మనిషి ఇంట్ల ఉన్నడు. ఇప్పుడు కూత ఇనపడితె, ఉన్నడు అని ఎరుకైతది. గవి అమ్మితె నాకేం ఇనపడాలె?'

లోపల ఇంజను ఆగిపోయింది. ముసలాయన ఈ మాటలు విన్నారో లేదో తెలియదు. బయటికి మాత్రం రాలేదు.

వ్యాపారికి ఇంకా అవుననలేదు, కాదనలేదు. పెద్దాయన ఆలోచన ఒకటి వుంది. మొదట కొన్న రేకు ఇంజను, వాడకట్టు పిల్లవాడు మెస్సు పైసలతో తెచ్చిన నల్ల ఇంజను, ఒక చిన్న చుట్టు పట్టా మాత్రం తనతో హైదరాబాదు తీసుకుపోతారు. మంచం కింద పట్టేంత. చెక్క వై.పి.ని ఎల్లారెడ్డిలో వడ్రంగి మనుమడు చదువుతున్న బడికి ఇవ్వాలని ఇద్దరు ముసలివాళ్ళూ ఒప్పుకున్నారు. రైలు చూడని పిల్లలు కడ్డీ తోసి చక్రం ఎట్లా తిరుగుతుందో చూస్తారు. మిగిలినవి కామారెడ్డిలోనే ఏదైనా బడికో, గ్రంథాలయానికో ఇవ్వడానికి కొడుకులను ఒప్పిస్తానంటున్నారు. అడిగేది రెండే. తాళం వేసే గాజు అల్మారా ఒకటి. నెలకొకసారి వాటిని నడిపే మనిషి ఒకరు.

'అల్మారాల పెట్టి పూలదండ ఎయ్యద్దు. ఇంజనంటె నడవాలె' అని ఆయన కోరిక.

జిల్లాలో సైన్సు చెప్పే ఉపాధ్యాయులు ఎందరో వున్నారు. ఆవిరి శక్తి పాఠం పుస్తకంలో బొమ్మ చూపి ముగిస్తున్నారు. వారిలో ఒక్కరు సంక్రాంతి లోపల ముందుకు వచ్చినా 21 ఇంజనులు ఈ ఊళ్ళో నిలుస్తాయి. లేకుంటే వ్యాపారి సంచిలో పట్నానికి పోతాయి. మీటరుగేజి పట్టాలు పోయినప్పుడు మనం చూస్తూ నిలబడ్డాం. అప్పుడు మన చేతిలో ఏమీ లేదు. ఇప్పుడు కావలసింది ఒక అల్మారా మాత్రమే.

ఈ విలేఖరి బయలుదేరేసరికి చీకటి పడింది. సందు చివరికి వచ్చాక వెనుక నుంచి చిన్న కూత వినిపించింది. ఆ వెంటనే ముసలామె గొంతు: 'ఇగ బండి షెడ్డుల పెట్టు. బువ్వ చల్లారుతున్నది.'